రెండు ఫంక్షన్లు ఒకటేనా? తేల్చుకోవడం ఎలా

పత్తి సీజన్‌లో వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల దగ్గర కాంటా అయ్యాక రైతు చేతికొచ్చే చీటీలో ముందు చూసుకునేవి రెండు అంకెలు: తూకం, తేమ శాతం. ధర తేమను బట్టి మారుతుంది. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే ఆ ధర పూర్తిగా వస్తుంది. ఆపైన పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, అంటే 81 రూపాయల 10 పైసలు. 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనదు.

ఈ లెక్క వేసే ఫంక్షన్‌ను, అంటే ఇన్‌పుట్ తీసుకుని జవాబిచ్చే కోడ్ ముక్కను, ఎవరో ఎప్పుడో రాసి పెట్టారనుకుందాం. ఇఫ్‌లో ఇఫ్, దాంట్లో ఇంకో ఇఫ్. మీరు దాన్ని నాలుగు లైన్లలో తిరగరాశారు. మిల్లు గుమస్తా మిమ్మల్ని అడిగేది ఒకటే: "పాతదానికీ కొత్తదానికీ లెక్క ఒక్కటే వస్తదా తమ్మీ?" మీరు పైథాన్ భాష తెరిచి పాత == కొత్త (రెండూ సమానమా) అని కొడితే ఫాల్స్, అంటే కాదు అని వస్తుంది. ఆ ఫాల్స్‌కూ గుమస్తా ప్రశ్నకూ సంబంధం లేదు. రెండు ఫంక్షన్లలో కోడ్ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్నా అదే ఫాల్స్ వచ్చేది. మరి ఆయనకు సరైన జవాబు ఎలా చెప్పాలి? కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఇది సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

1. ఏ రకం "ఒకటే" కావాలో ముందు తేల్చుకోండి

రెండు ఫంక్షన్లు ఒకటే అన్నప్పుడు మన మనసులో మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. మెమరీలో ఉన్నది అదే వస్తువా? రాసిన కోడ్ అదేనా? ఏ ఇన్‌పుట్ ఇచ్చినా అదే జవాబు వస్తుందా? గుమస్తా అడిగింది మూడోది. == చాలా భాషల్లో చెప్పేది మొదటిది. రెండోది ఎవరికీ పెద్దగా అవసరం పడదు గానీ, మూడోదానికి బదులుగా దాన్ని వాడేసి మోసపోయేవాళ్లు ఉన్నారు. అది ఎలా జరుగుతుందో కింద చూపిస్తాను.

పని మొదలుపెట్టే ముందు మీ ప్రశ్నను ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. "ఇంతకుముందు తగిలించిన ఫంక్షన్‌ను ఇప్పుడు తీసేయాలి" అని రాస్తే మీకు కావాల్సింది మొదటి రకం. "పాతది తీసి కొత్తది పెడితే చీటీలో పైసా కూడా మారకూడదు" అని రాస్తే మూడో రకం. ఈ రెండింటికీ దారులు పూర్తిగా వేరు.

2. మీ భాషలో == ఏం చేస్తుందో చూసుకోండి

పైథాన్‌లో ఫంక్షన్‌ను తయారుచేసే డెఫ్ అనే లైన్ నడిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ వస్తువు పుడుతుంది. ఒకే డెఫ్ ఒక లూప్‌లో పదిసార్లు నడిస్తే పది వేర్వేరు ఫంక్షన్లు తయారవుతాయి, వాటిలో ఏ రెండూ == కు సమానం కావు. లాంబ్డా, అంటే పేరు లేకుండా రాసే చిన్న ఫంక్షన్ కూడా అంతే. మెథడ్‌ల దగ్గర, అంటే ఒక వస్తువుకు అంటుకుని ఉండే ఫంక్షన్ల దగ్గర మాత్రం ఒక తిరకాసు ఉంది. ఒక వస్తువు నుంచి అదే మెథడ్‌ను రెండుసార్లు తీసుకుని, మెమరీలో ఒకే వస్తువా అని అడిగే ఈజ్‌తో పోలిస్తే ఫాల్స్ వస్తుంది, ఎందుకంటే తీసుకున్న ప్రతిసారీ పైథాన్ దాన్ని కొత్తగా కట్టి ఇస్తుంది. అదే == తో పోలిస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే అక్కడ అది వస్తువు అదేనా, లోపలి ఫంక్షన్ అదేనా అని మాత్రమే చూస్తుంది. కాబట్టి మెథడ్‌లను పోల్చేటప్పుడు ఈజ్ వాడకండి.

ఇక రెండో రకం మోసం సంగతి. పైథాన్ ఫంక్షన్‌కు కోడ్ అనే గుణం ఒకటి ఉంటుంది, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్‌లతో. రెండు ఫంక్షన్ల కోడ్‌లను == తో పోలిస్తే లోపలి బైట్‌కోడ్ (మనం రాసినదాన్ని పైథాన్ మార్చుకునే రూపం) పోలిక జరుగుతుంది. ఇంకేం, దొరికింది దారి అనిపిస్తుంది. ఒక చిన్న ప్రయోగం చేయండి. ధరను తీసుకుని, ఆ ధర మీద తేమ కోత వేసే ఫంక్షన్‌ను తయారుచేసి ఇచ్చే ఇంకో ఫంక్షన్ రాయండి. దానికి ఒకసారి 8,110 ఇవ్వండి, ఇంకోసారి మధ్య పింజ ధర 7,710 ఇవ్వండి. వచ్చిన రెండు ఫంక్షన్ల కోడ్‌లను పోల్చండి. ట్రూ వస్తుంది! తేమ 8 శాతం దగ్గర ఒకటి క్వింటాకు 400 రూపాయలు తక్కువ చెప్తోంది, అయినా కోడ్ ఒకటే. ధర క్లోజర్‌లో, అంటే ఫంక్షన్ పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న విలువల్లో దాక్కుంది, కోడ్‌లో లేదు. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు, గ్లోబల్ వేరియబుల్స్ విలువలు కూడా కోడ్ పోలికలోకి రావు. పైగా మొదటి లైన్ నంబరు మాత్రం వస్తుంది, అందుకని అచ్చం ఒకేలా ఉన్న రెండు ఫంక్షన్లను ఒకే ఫైల్‌లో పైనొకటి కిందొకటి రాస్తే ఫాల్స్ అంటుంది. ఉన్న తేడాను దాచి లేని తేడాను చూపించే పోలిక ఇది. దీని మీద ఏ నిర్ణయమూ ఆనించకండి.

జావాస్క్రిప్ట్‌లో === చూసేది కూడా మెమరీలో ఉన్న వస్తువునే. ఇక్కడ నొప్పి ఎక్కువగా ఈవెంట్ల దగ్గర తెలుస్తుంది. బటన్ నొక్కగానే నడవాలని దానికి యాడ్ ఈవెంట్ లిజనర్‌తో ఒక యారో ఫంక్షన్ (జావాస్క్రిప్ట్‌లో పేరు లేని ఫంక్షన్) తగిలిస్తారు. తీసేటప్పుడు రిమూవ్ ఈవెంట్ లిజనర్‌లో అదే యారో ఫంక్షన్‌ను మళ్లీ టైప్ చేస్తారు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, లిజనర్ మాత్రం అక్కడే ఉంటుంది. పేజీ మళ్లీ తెరిచినట్టు చూపించే యాప్ అయితే రెండోసారి ఇంకొకటి తగులుతుంది, మూడోసారి మరొకటి. ఒక్క నొక్కుకు మూడు చీటీలు ప్రింటయ్యే రకం తప్పులకు కారణం చాలాసార్లు ఇదే. బైండ్ వాడినా అంతే, పిలిచిన ప్రతిసారీ అది కొత్త ఫంక్షన్ ఇస్తుంది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీలో ఎఫెక్ట్ ఊరికే మళ్లీ మళ్లీ నడవడానికి, యూజ్‌కాల్‌బ్యాక్ అనేది అవసరం కావడానికి మూలం కూడా ఈ పోలికే.

సీ షార్ప్‌లో ఈవెంట్‌కు లాంబ్డాను += తో తగిలించి, మళ్లీ అదే లాంబ్డాను టైప్ చేసి -= తో తీయాలని చూస్తే తీసినట్టు నమ్మకం లేదు. జావాలో లాంబ్డాలకు, మెథడ్ రిఫరెన్సులకు గుర్తింపు స్థిరంగా ఉంటుందని భాష నియమాలు మాట ఇవ్వవు.

కొన్ని భాషలు ఈ పోలికను ఒప్పుకోనే ఒప్పుకోవు. గో భాషలో ఫంక్షన్‌ను నిల్‌తో (ఏమీ లేదు అనే విలువతో) తప్ప ఇంకదేనితోనూ పోల్చలేరు, కంపైలరే ఆపేస్తుంది. కాకపోతే ఫంక్షన్‌ను ఇంటర్‌ఫేస్‌లో పెట్టి పోలిస్తే కంపైల్ అయిపోయి, నడిచేటప్పుడు ప్యానిక్ (ఎర్రర్‌తో ఆగిపోవడం) అవుతుంది. హాస్కెల్‌లో ఫంక్షన్లకు ఈక్యూ ఇన్‌స్టెన్స్ (సమానమా అని ఎలా చూడాలో చెప్పే నిర్వచనం) లేదంటూ కంపైలర్ తిప్పి పంపుతుంది. స్విఫ్ట్ కూడా ఒప్పుకోదు. ఓకామెల్‌లో కంపైల్ అవుతుంది గానీ, నడిచేటప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది. అర్థం లేని ఫాల్స్ ఇచ్చి ఊరుకోవడం కన్నా ఇలా మొహం మీదే కాదనడం ఎంతో మేలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది చిరాకనిపించొచ్చు గానీ, నాకైతే హాస్కెల్, గో పద్ధతే నచ్చుతుంది.

సీ భాషలో ఫంక్షన్ పాయింటర్లను పోల్చవచ్చు. వేర్వేరు ఫంక్షన్లకు వేర్వేరు చిరునామాలు ఉండాలని ప్రమాణం చెప్తుంది. కానీ కంపైలైన ముక్కలను ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్లు కొన్ని సైజు తగ్గించడానికి ఒకే మెషీన్ కోడ్ ఉన్న రెండు ఫంక్షన్లను కలిపి ఒకే చిరునామా ఇచ్చేస్తాయి. మైక్రోసాఫ్ట్ లింకర్‌లో ఆ ఆప్షన్ ఉంది. రస్ట్‌లో ఇలాంటి పోలిక రాస్తే ఇప్పుడు కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది.

3. గుర్తింపే కావాలంటే పేరు పెట్టండి

మీ అవసరం మొదటి రకం అయితే పని తేలిక. ఫంక్షన్‌ను తగిలించే ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ ఆ వేరియబుల్‌నే వాడండి. జావాస్క్రిప్ట్‌లో ఇంకో మంచి దారి అబార్ట్ కంట్రోలర్: దాని సిగ్నల్‌ను యాడ్ ఈవెంట్ లిజనర్‌కు ఇస్తే, తర్వాత ఒక్క అబార్ట్ పిలుపుతో ఆ సిగ్నల్ ఉన్న లిజనర్లన్నీ పోతాయి. ఫంక్షన్లను పోల్చాల్సిన పనే ఉండదు.

ప్రోగ్రాం పెద్దదైతే ఫంక్షన్లను పోల్చే ఆలోచనే మానేయండి. "ఈ మిల్లుకు ఏ కోత పద్ధతి వాడుతున్నాం" అని తెలుసుకోవాలంటే ఫంక్షన్ల పట్టిక ఒకటి పెట్టి, ఒక్కో దానికి ఒక పేరు ఇవ్వండి: "సీసీఐ-2025", "ప్రైవేటు-వరంగల్", అలా. డేటాబేస్‌లో, కాష్‌లో, లాగ్‌లో ఆ పేరే రాయండి. పేర్లను పోల్చడం ఏ భాషలోనైనా నిఖార్సుగా పనిచేస్తుంది. ప్రోగ్రాం మూసి తెరిచినా పేరు మిగులుతుంది, మెమరీ చిరునామా మిగలదు.

4. అన్ని ఇన్‌పుట్‌లకూ తేల్చే బటన్ ఎందుకు లేదో తెలుసుకోండి

ఇక గుమస్తా ప్రశ్నకు వద్దాం. ఏ రెండు ఫంక్షన్లనైనా తీసుకుని, అన్ని ఇన్‌పుట్‌లకూ ఒకే జవాబిస్తాయో లేదో తప్పకుండా చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. ఇప్పుడు మీకు నచ్చిన ఏదైనా ప్రోగ్రాం తీసుకోండి. ఫంక్షన్ క: ఆ ప్రోగ్రాంను మొత్తం నడిపి, అది ఆగాక 0 ఇస్తుంది. ఫంక్షన్ ఖ: ఏమీ చేయకుండా 0 ఇస్తుంది. ఆ ప్రోగ్రాం ఆగేదైతే క, ఖ సమానం. ఆగనిదైతే సమానం కావు. అంటే మన పోలిక ప్రోగ్రాంతో ఏ ప్రోగ్రాం ఆగుతుందో ఏది ఆగదో తేల్చేయొచ్చన్నమాట. అలా అన్నిటికీ తేల్చే పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. 1953లో హెన్రీ రైస్ ఇంకా ముందుకు వెళ్లి, ప్రోగ్రాం జవాబుల గురించి అడిగే ఏ ప్రశ్నకైనా, అది అన్ని ప్రోగ్రాంలకూ అవుననో కాదనో ఒకే జవాబు ఉన్న ప్రశ్న కాకపోతే, ఇదే గతి అని చూపించాడు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ఇబ్బంది అనుకోకండి. ఒక ఫంక్షన్ రాయండి: 1 లేదా అంతకంటే పెద్ద పూర్ణసంఖ్య ఇస్తే, సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపాలి, 1 వచ్చేదాకా ఇలాగే చేసి 1 తిరిగివ్వాలి. ఇంకో ఫంక్షన్ నేరుగా 1 ఇస్తుంది. ఈ రెండూ సమానమా? కొలాట్జ్ సమస్య అంటే ఇదే. 2 ఘాతం 71 వరకు కంప్యూటర్లతో సరిచూశారు, అన్నిటికీ 1 వచ్చింది. ఆపైన అన్నిటికీ వస్తుందని ఎవరూ నిరూపించలేదు. రెండు చిన్న ఫంక్షన్లు, ప్రపంచంలో ఎవరికీ జవాబు తెలియదు. భాష తయారుచేసేవాళ్లు == కు ఈ పని అప్పజెప్పకపోవడానికి కారణం ఇది.

5. ఇన్‌పుట్‌ను కట్టడి చేయండి

మన లెక్కకు అంత భయం అక్కర్లేదు. తేమ మీటర్ ఒక దశాంశ స్థానం దాకా చూపిస్తుందనుకుందాం. అంటే 0.0 నుంచి 100.0 దాకా మొత్తం 1,001 విలువలు. కంప్యూటర్‌కు ఇది కన్ను మూసి తెరిచేలోపు అయ్యే పని. అన్నీ ఇచ్చి చూడండి, రెండు జవాబులూ పోల్చండి. ఒక్క తేడా కూడా లేకపోతే, ఈ 1,001 ఇన్‌పుట్‌ల మీద రెండు ఫంక్షన్లూ సమానం. దాన్ని మించిన రుజువు అక్కర్లేదు, ఎందుకంటే మిగతా ఇన్‌పుట్‌లు అసలు రావు. గుమస్తాకు ధైర్యంగా "వస్తది" అని చెప్పొచ్చు.

అంకెలతో చూద్దాం. తేమను పదోవంతుల్లో, ధరను పైసల్లో పెట్టుకుంటే దశాంశాల గొడవ పోతుంది. 8.5 శాతం అంటే 85. 8,110 రూపాయలంటే 8,11,000 పైసలు. 8 దాటిన ప్రతి పదోవంతుకు కోత 811 పైసలు. పాత ఫంక్షన్ 811000 నుంచి 811 × (తేమ − 80) తీసేస్తోంది. మీ కొత్త ఫంక్షన్ 811 × (1080 − తేమ) అంటోంది. 85 పెట్టి చూడండి: రెండూ 8,06,945 పైసలు, అంటే 8,069 రూపాయల 45 పైసలు. 120 పెడితే రెండూ 7,785 రూపాయల 60 పైసలు.

ఇప్పుడు హద్దుల దగ్గర జాగ్రత్త. పాత ఫంక్షన్‌లో తేమ <= 120 అని ఉంది, మీరు తిరగరాసేటప్పుడు < 120 అని పడింది అనుకోండి. 1,001 విలువల్లో తేడా సరిగ్గా ఒక్కచోటే, 12.0 దగ్గర. ఆ ఒక్క విలువ దగ్గర రైతు పత్తి వెనక్కి పోతుంది. కిరాయికి ట్రాక్టర్ మాట్లాడుకుని పొద్దున్నుంచి లైన్లో ఉన్న మనిషికి అది చిన్న తేడా కాదు. మీరు యాదృచ్ఛికంగా వంద విలువలు తీసి టెస్ట్ చేస్తే ఆ తప్పు కంటబడకుండా పోయే అవకాశం తొంభై శాతం. మొత్తం చూడగలిగినప్పుడు నమూనా టెస్టులతో సరిపెట్టకండి అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఎంతవరకు మొత్తం చూడొచ్చు? ఒక బైట్ ఇన్‌పుట్ అయితే 256 విలువలు, రెండు బైట్లయితే 65,536. 32 బిట్లయితే 4,29,49,67,296. సీ, రస్ట్ లాంటి భాషల్లో చిన్న ఫంక్షన్‌కు ఇదీ సాధ్యమే, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. 64 బిట్ల దగ్గర ఆపండి. సెకనుకు వంద కోట్ల విలువలు చూసినా 580 ఏళ్లకు పైనే పడుతుంది.

6. "జవాబు" అంటే ఏమిటో ముందే రాసుకోండి

పోల్చే కోడ్ రాసేటప్పుడు చాలామంది తిరిగొచ్చిన విలువ ఒక్కటే చూస్తారు. ఎక్సెప్షన్ కూడా జవాబే. తేమ −1 వస్తే పాతది ఎర్రర్ ఇచ్చి, కొత్తది పూర్తి ధర ఇస్తే అవి సమానం కావు. ఇచ్చిన లిస్టును లోపల మార్చేయడం, ఫైల్‌లో రాయడం, ప్రింటర్‌కు పంపడం కూడా లెక్కలోకి వస్తాయి. ఎప్పటికీ ఆగకపోవడం కూడా ఒక ఫలితమే కాబట్టి, ప్రతి పిలుపుకూ ఒక గడువు పెట్టండి.

దశాంశాలు వాడితే ఇంకా జాగ్రత్త. పైథాన్‌లో 0.1 ను + తో ఒక్కొక్కటిగా పదిసార్లు కలిపితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. గణితంలో సమానమైన రెండు సూత్రాలు ఫ్లోట్‌లలో (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో) చివరి అంకెల దగ్గర విడిపోవచ్చు. డబ్బు లెక్కకు పైసల్లో పూర్ణసంఖ్యలు వాడమన్నది ఇందుకే. కుదరకపోతే ఎంత తేడా ఒప్పుకుంటారో ముందే నిర్ణయించి రాయండి.

ఒక భాష నుంచి ఇంకో భాషకు మార్చేటప్పుడు రెండు గుంటలున్నాయి. పైథాన్ రౌండ్ 2.5 ను 2 చేస్తుంది, జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్ 3 చేస్తుంది. −7 ను 2 తో పూర్ణసంఖ్యలుగా భాగిస్తే పైథాన్ −4 అంటుంది, సీ −3 అంటుంది. సూత్రం అదే, జవాబు వేరు.

7. ఇన్‌పుట్ మరీ పెద్దదైతే

బస్తాల తూకాల లిస్టు ఇచ్చి మొత్తం లెక్కగట్టే ఫంక్షన్ అయితే ఇన్‌పుట్‌లకు అంతుండదు. అప్పుడు ప్రాపర్టీ టెస్టింగ్‌కు వెళ్లండి. 2000లో కూన్ క్లాసెన్, జాన్ హ్యూస్ హాస్కెల్ కోసం తెచ్చిన క్విక్‌చెక్‌తో ఇది ప్రచారంలోకి వచ్చింది. పైథాన్‌లో హైపోథిసిస్ అనే లైబ్రరీ ఉంది. "ఏ లిస్టు ఇచ్చినా పాత జవాబు, కొత్త జవాబు ఒకటే" అని రాస్తే అది రకరకాల లిస్టులు పుట్టించి చూస్తుంది. ఖాళీ లిస్టు, సున్నా, పెద్ద సంఖ్యలు లాంటివి కూడా ప్రయత్నిస్తుంది. తేడా దొరికితే దాన్ని కుదించి, వీలైనంత చిన్న ఉదాహరణగా మీ ముందు పెడుతుంది. అయితే తేడా దొరకలేదంటే సమానమని రుజువైనట్టు కాదు, గుర్తుపెట్టుకోండి.

రుజువే కావాలంటే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ తయారుచేసిన జెడ్3 లాంటి సాల్వర్లు ఉన్నాయి. వాటిని తిరగేసి అడగాలి: "ఈ రెండు ఫంక్షన్లూ వేర్వేరు జవాబులిచ్చే ఇన్‌పుట్ ఏదైనా ఉందా?" ఉంటే చూపిస్తుంది. లేదని తేల్చితే అదే రుజువు. రెండు సంఖ్యల మధ్య విలువ కనుక్కోవడానికి (అ + ఆ) ÷ 2 అని ఒకరు, అ + (ఆ − అ) ÷ 2 అని ఇంకొకరు రాస్తారు. సున్నా కన్నా తక్కువ కాని సంఖ్యలకు, ‘ఆ’ అనే సంఖ్య ‘అ’ కన్నా పెద్దదైనప్పుడు, కాగితం మీద రెండూ ఒకటే. 32 బిట్లలో మాత్రం మొత్తం 2,14,74,83,647 దాటితే మొదటిది తప్పుతుంది. జావా సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయి, 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ దాని గురించి రాశాకే అందరి దృష్టికీ వచ్చింది. ఇలాంటి తేడాను సాల్వర్ చప్పున పట్టిస్తుంది.

సూత్రం ఆకారం తెలిస్తే ఇంకా సులువు. మన తేమ కోత 8కీ 12కీ మధ్య సరళరేఖ. రెండు ఫంక్షన్లూ అక్కడ సరళరేఖలేనని కోడ్ చూసి తెలిస్తే, ఏ రెండు బిందువుల దగ్గర సరిపోయినా మధ్యలో అంతటా సరిపోతాయి. వర్గ సూత్రమైతే మూడు బిందువులు కావాలి. హద్దులు మాత్రం విడిగా చూడాలి.

8. కొత్తదాన్ని పక్కన పెట్టి నడపండి

టెస్టులన్నీ అయ్యాక కూడా వెంటనే పాతది తీసేయకండి. చీటీ పాత ఫంక్షన్ జవాబుతోనే ఇవ్వండి. వెనకాల అదే ఇన్‌పుట్‌తో కొత్తదాన్నీ పిలిచి, జవాబులు వేరైతే లాగ్‌లో రాయండి: తేమ, ధర, రెండు జవాబులు, వాడిన పద్ధతి పేరు. కొత్తది ఫైల్స్‌లో రాసేది, మెసేజ్ పంపేది అయితే ఆ భాగాన్ని ఆపి నడపాలి, లేకపోతే రైతుకు రెండు మెసేజ్‌లు వెళ్తాయి.

లాగ్‌లో తేడా కనబడితే పాతదే కరెక్ట్ అనుకోవద్దు. మిల్లు దగ్గర అంటించిన తేమ శాతాల ధరల పట్టికతో రెండింటినీ సరిచూడండి, తప్పు పాతదానిలోనే ఉండొచ్చు. అలాంటప్పుడు దాన్ని కొత్తదానిలోకి కాపీ కొట్టకుండా ముందు గుమస్తాకు చెప్పండి, ఇదివరకు ఇచ్చిన చీటీల సంగతి వాళ్లు చూసుకోవాలి. ఆ తేమ విలువను టెస్టుల జాబితాలో చేర్చాకే కోడ్‌లో చెయ్యి పెట్టండి.